నల్లకుంటలో విరిగిన సూప్: ఆరు ఆర్టిచోక్ డబ్బాల కేసు

ఫోన్ వచ్చింది మంగళవారం రాత్రి. "మేడమ్, సూప్ రెండుసార్లు చేసిన. రెండుసార్లు విరిగిపోయింది. శనివారం మధ్యాహ్నం ఎనిమిది మంది భోజనానికి వస్తున్నరు. ఇంక నాలుగు డబ్బాలే మిగిలినయి."

ఇళ్లకు వెళ్లి వంట నేర్పడం, చెడిన వంటకం ఎక్కడ చెడిందో కనిపెట్టడం నా పని. హైదరాబాద్ పద్మారావు నగర్‌లో ఉంటూ పదకొండేళ్లుగా చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవి ఎక్కువగా పొంగని కేకులు, ఇటుకలాంటి బ్రెడ్డు, రబ్బరులా సాగే పనీర్. ఆర్టిచోక్ సూప్ ఇదే మొదటిసారి. అందుకే ఈ కేసు మొదటి నుంచి చివరిదాకా నోటుబుక్కులో రాసిపెట్టుకున్నాను. అదే ఇక్కడ కాస్త సర్ది పెడుతున్నాను.

ఆవిడ నల్లకుంటలో ఉంటారు. స్కూలు టీచరు. ఆడపడుచు కూతురు ఇటలీలో చదువు ముగించుకుని వస్తూ సూట్‌కేసులో ఆరు ఆర్టిచోక్ డబ్బాలు పెట్టుకొచ్చింది. "అత్తా, అక్కడ చలికాలం ఇదే తాగేదాన్ని, నువ్వు చెయ్యవా" అని అడిగింది. మేనకోడలు నోరు తెరిచి అడిగాక కాదనేది ఎలా? ఆ అమ్మాయి, ఆమె అమ్మానాన్నలు, మరికొందరు చుట్టాలు కలిపి ఎనిమిది మంది. మామూలుగా అయితే వాళ్లకు బగారన్నం, చికెన్ కూర చేసి పెట్టేసేవారు. వాటికి టెన్షన్ ఉండదు. టెన్షనంతా ఈ సూప్‌తోనే.

ముందుగా తాజా కాయ కోసం కూడా ప్రయత్నించారట. నల్లకుంట కూరగాయల మార్కెట్‌లో ఫోన్‌లో ఫొటో చూపిస్తే అమ్మేవాడు తేరిపార చూసి, "ఇది కూరగాయ కాదమ్మా, పువ్వు. గుడిమల్కాపూర్‌ల అడుగుండ్రి" అన్నాడట. గుడిమల్కాపూర్ అంటే పూల మార్కెట్. ఆవిడ నవ్వుతూ చెప్పారు గానీ అతను అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఆర్టిచోక్ అంటే విచ్చుకోని పూమొగ్గ. పొద్దుతిరుగుడు కుటుంబంలోది, ముళ్ల మొక్క జాతి. మొగ్గ పైనున్న గట్టి రేకులు తీసేసి, మధ్యలో నూగు ఉంటే గీకేసి, అడుగున మిగిలే మెత్తటి గుండెకాయ లాంటి భాగాన్ని తింటారు. అరటిపువ్వు ఒలిచిన వాళ్లకు ఈ పని కొత్తగా అనిపించదు. కోసిన వెంటనే నల్లబడటం కూడా అచ్చం అరటిపువ్వులాగే. మనం మజ్జిగలో వేస్తాం, వాళ్లు నిమ్మరసం పిండిన నీళ్లలో వేస్తారు. రెండింట్లోనూ పనిచేసేది పులుపే. డబ్బాలో వచ్చేది ఇలా ఒలిచి, ఉడికించి, ఉప్పునీళ్లలో పెట్టిన చిన్న మొగ్గలు.

వంటింట్లో చూసినవి

బుధవారం సాయంత్రం వెళ్లాను. ఇలాంటి కేసుల్లో "ఎలా చేశారు" అని అడిగితే లాభం లేదు. అందరూ రెసిపీలో ఉన్నట్టే చేశామంటారు. ఏ గిన్నె, ఏ పాల ప్యాకెట్, మంట ఎంత, మూత పెట్టారా అని విడివిడిగా అడగాలి. ఖాళీ డబ్బా చెత్తబుట్టలోంచి తీయించి చూడాలి.

మొదటిసారి జరిగింది ఇది. డబ్బా మూత తీసి, నీళ్లతో సహా మిక్సీలో వేశారు. "ఆ నీళ్లు పారబోస్తే బలం పోతది కదా మేడమ్" అన్నారు. వేయించిన ఉల్లిగడ్డ కలిపి మరిగించి, అందులో అర లీటరు టోన్డ్ పాలు పోశారు. రెండు నిమిషాల్లో పాలు పలుకులు పలుకులుగా విడిపోయి, పైన పచ్చటి నీళ్లు తేలాయి.

రెండోసారి జాగ్రత్తపడ్డారు. డబ్బా నీళ్లు వంపేశారు. పాలు మానేసి, రెసిపీలో రాసినట్టు క్రీమ్ తెచ్చారు. కానీ మొగ్గల్ని కడగలేదు. మొత్తం సూప్ ఇనుప కడాయిలో చేశారు. క్రీమ్ పోశాక, బాగా కలవాలని పది నిమిషాలు తెర్లించారు. ఈసారి పెద్ద పలుకులు రాలేదు. బొంబాయి రవ్వ కలిపినట్టు సన్నటి గరుకు వచ్చింది. పైగా రంగు బూడిదలా తిరిగింది, మింగుతుంటే గొంతులో పీచు తగిలింది. ఆ సూప్ కొంచెం ఫ్రిజ్‌లో ఉంచారు. చెంచాతో తీసి వేళ్ల మధ్య రుద్దితే విరిగిన క్రీమ్ పలుకు వేరుగా, పీచు వేరుగా చేతికి తెలిసింది. అంటే ఒకే సూప్‌లో మూడు జబ్బులున్నాయి: విరగడం, రంగు మారడం, పీచు. మూడింటికీ కారణాలు వేరు.

రంగు సంగతి తేలిగ్గా తేలిపోయింది. ఆర్టిచోక్‌లో పాలీఫీనాల్స్ అనే వగరు పదార్థాలు ఎక్కువ. అవి ఇనుము తగిలితే నల్లబడతాయి. ఇనుప కత్తిపీట మీద అరటికాయ తరిగితే నల్లబడటంలోనూ కొంత ఇదే కారణం. కలంకారీ వాళ్లు కరక్కాయ నీళ్లలో ముంచిన బట్ట మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో గీస్తే నల్ల గీత పడుతుంది చూడండి, ఆ పని ఆవిడ కడాయిలో సూప్‌కి జరిగింది. స్టీలు గిన్నె వాడితే సరిపోతుంది. అల్యూమినియం కూడా వద్దన్నాను.

విరగడం దగ్గరే అసలు కేసుంది. ఖాళీ డబ్బా మీద పదార్థాల వరుస చదివించాను: ఆర్టిచోక్, నీళ్లు, ఉప్పు, సిట్రిక్ యాసిడ్. ఆవిడ ఉప్పు దాకా చూసి ఆగిపోయారట. ఆ నాలుగో మాటే మొత్తం నడిపింది. మూత బిగించిన డబ్బాలో బొట్యులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషాన్ని తెచ్చే సూక్ష్మజీవి పెరగకుండా, ఇలాంటి వాటిలో పీహెచ్‌ను 4.6కి దిగువన ఉంచుతారు. పీహెచ్ అంటే పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. అందుకే సిట్రిక్ యాసిడ్ కలుపుతారు. ఇక పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ గడ్డకట్టేది కూడా పీహెచ్ 4.6 దగ్గరే. వేడి తోడైతే అంత పులుపు కూడా అక్కర్లేదు, ముందే విరుగుతుంది. నా దగ్గర ఊరగాయల క్లాసు కోసం ఉంచుకున్న పీహెచ్ పేపరు ముక్క రెండో డబ్బా నీళ్లలో ముంచితే రంగు 4, 5 అంకెల మధ్యకు వచ్చింది. ఆ నీళ్లు ఆవిడ ఒక గిన్నెలో దాచారు, చారులో పోద్దామని.

క్రీమ్ ఎందుకు విరిగిందన్నది ఆవిడ రెండో ప్రశ్న. "అక్కడివాళ్లు క్రీమ్ పోసి మరిగిస్తరు, వీడియోల చూసిన" అన్నారు. నిజమే, మరిగిస్తారు. అమెరికా రెసిపీల్లో హెవీ క్రీమ్ అంటే కొవ్వు 36 శాతం, ఆపైన. మన షాపుల్లో డబ్బాలో దొరికే ఫ్రెష్ క్రీమ్‌లో మామూలుగా 25 శాతం. కొవ్వు ఎంత ఎక్కువుంటే క్రీమ్ పులుపుని, వేడిని అంత ఓర్చుకుంటుంది. రెసిపీలో "క్రీమ్" అన్న మాట ఒకటే గానీ వస్తువు ఒకటి కాదు.

ఇదంతా నేను పీహెచ్ పేపరు చేత్తో పట్టుకుని వివరిస్తుంటే, డైనింగ్ టేబుల్ దగ్గర చిక్కుడుకాయలు ఒలుస్తున్న వాళ్ల అత్తమ్మ తల ఎత్తారు. ఎనభై దాటిన మనిషి. "పుల్లటి దాంట్ల పాలు పోస్తివి. ఇరగక ఏమైతది? సల్లపులుసుల శెనగపిండి ఎందుకు కలుపుతమో తెల్వదా?"

నేను అరగంటగా చెబుతున్నది ఆమె మూడు ముక్కల్లో తేల్చేశారు. పైగా నేను ఇంకా చేరుకోని చోటికి, మందు దగ్గరికి, నేరుగా వెళ్లిపోయారు. మజ్జిగ పులుసులో శనగపిండో నానబెట్టిన బియ్యం ముద్దో కలపకపోతే మరిగేసరికి పెరుగు విరిగి నీళ్లూ పలుకులూ వేరవుతాయి. పిండిలోని గంజి ఉబ్బి, కేసిన్ రేణువుల మధ్య అడ్డం పడి, అవి ఒకదానికొకటి అంటుకోకుండా చూస్తుంది. ఆ ఇంట్లో వారానికోసారి చేసే పని అది. సూప్ అనేసరికి అది వేరే దేశపు శాస్త్రం అనుకుని ఆ తెలివిని పక్కనపెట్టారు. ఆవిడే కాదు, నేనూ అంతే.

ఒక డబ్బాతో పరీక్ష

నాలుగు డబ్బాల్లో ఎనిమిది మందికి మూడు కావాలి. డబ్బా 400 గ్రాములున్నా నీళ్లు వంపేస్తే మొగ్గలు మిగిలేది 240 గ్రాములే. కాబట్టి ప్రయోగానికి ఒక్క డబ్బా. దాన్ని మూడు భాగాలు చేశాం, ఒక్కోటి 80 గ్రాములు.

మూడింటినీ ముందు నీళ్ల కింద కడిగి, మంచినీళ్లలో పావుగంట నానబెట్టాం. తర్వాత వేరే నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు కూడా పారబోశాం. మొగ్గ లోపలి పొరల్లోకి దిగిన పులుపు కడిగితే పోదు, ఉడికిస్తేనే కొంత బయటికొస్తుంది. రుచి కూడా కొంత పోతుంది. పోనీ అనుకున్నాం. ఒక మొగ్గ కొరికి చూస్తే నిమ్మకాయ బద్ద నాకినట్టున్నది కాస్తా లేత చింతచిగురంత పులుపుకు దిగింది.

మొదటి భాగంలో ఉల్లిగడ్డ తప్ప ఏమీ కలపకుండా పాలు పోశాం. పలుకులు రాలేదు గానీ కాసేపటికి గిన్నె అంచుల్లో సన్నటి నూక కనిపించింది. కడిగి, ఉడికించినా పాలు వట్టిగా నిలబడవని తేలింది. రెండో భాగంలో ఉడికిన ఆలుగడ్డ వేశాం. చాలా రెసిపీల్లో ఆలుగడ్డే ఉంటుంది. విరగలేదు. కానీ మిక్సీ బ్లేడు వేగానికి ఆలుగడ్డ గంజి చిట్లి, సూప్ బంకలా సాగింది. చెంచా ఎత్తితే తీగ. ఆలుగడ్డను చేత్తో మెదిపి కలిపితే ఈ బాధ ఉండదు, అయితే అప్పుడు నున్నగా రాదు. మూడో భాగంలో ఒక చెంచా సోనామసూరి బియ్యం, ఉల్లిగడ్డతో పాటే వేసి మెత్తగా ఉడికించి, రుబ్బి, మంట ఆపాక క్రీమ్ కలిపాం. నున్నగా వచ్చింది. పట్టుగా, మీగడ రంగులో. పీహెచ్ పేపరు ఈసారి 5, 6 మధ్య చూపించింది.

ఈలోగా ఆవిడకు ఇంకో ఆలోచన వచ్చింది. "పులుపే కదా ప్రాబ్లం, చిటికెడు వంటసోడా వేస్తే అయిపోదా?" వద్దనలేదు. రెండో భాగంలో మిగిలిన దాన్ని ఒక చిన్న గిన్నెలో తీసి, ఆవిడ చేత్తోనే చిటికెడు వేయించాను. చూస్తుండగానే దాని రంగు పాచిపచ్చగా తిరిగింది, నోట్లో పెట్టుకుంటే సబ్బు. ఆర్టిచోక్‌లో ఉండే క్లోరోజెనిక్ యాసిడ్ సోడా లాంటి క్షారం తగిలితే పచ్చబడుతుంది. పొద్దుతిరుగుడు గింజల పొడితో సోడా వేసి బిస్కెట్లు చేస్తే లోపల పచ్చగా రావడానికీ ఇదే కారణం. ఒకే కుటుంబం మొక్కలు మరి. ఆ గిన్నె సింక్‌లోకి వెళ్లింది, సోడా డబ్బా అల్మారాలోకి వెళ్లింది.

పీచు మిగిలింది. డబ్బాలోవి ఎంత లేత మొగ్గలైనా బయటి రేకుల్లో దారాల్లాంటి పీచు ఉంటుంది. మిక్సీ దాన్ని ముక్కలు చేస్తుంది తప్ప మాయం చేయదు. ఎంతసేపు తిప్పినా అంతే. వడకట్టాల్సిందే. టీ వడకట్టేదానిలో పోస్తే చుక్క చుక్క పడుతుంది, ఓపిక నశించి సగం పారబోస్తారు. పిండి జల్లెడ మరీ సన్నం. రవ్వ జల్లించే స్టీలు జల్లెడ సరిగ్గా సరిపోయింది. గరిటె వీపుతో గుండ్రంగా నొక్కుతూ పోవాలి. పైన మిగిలిన పీచును పిడికిట్లో పిసికితే ఇంకో రెండు చెంచాల చిక్కటి గుజ్జు కారింది. అసలు రుచంతా ఆ గుజ్జులోనే ఉంటుంది కాబట్టి అది వదలొద్దని రెండుసార్లు చెప్పాను.

మిక్సీ గురించి ఒక్కమాట, ఇది సూప్ కన్నా ముఖ్యం. పొగలు కక్కుతున్నది జార్ నిండా పోసి తిప్పితే ఆవిరి మూతను ఎగరగొడుతుంది. సగానికి మించి పోయొద్దు, పది నిమిషాలు చల్లారనివ్వాలి, మూత మీద గుడ్డ వేసి పట్టుకోవాలి. నా ఎడమ ముంజేతి మీద ఉన్న మచ్చ టమాటా సూప్‌ది.

శనివారం

నేను ఉదయం పదిన్నరకు వెళ్లాను. పొయ్యి దగ్గర నిలబడింది ఆవిడే. నేను స్టూలు మీద కూర్చుని చూశాను.

మూడు డబ్బాలు వంపి, కడిగి, నానబెట్టి, ఉడికించి వార్చారు. స్టీలు గిన్నెలో 40 గ్రాముల వెన్న కరిగించి, రెండు తెల్ల ఉల్లిగడ్డలు, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు వేశారు. మన చేతికి ఉల్లిగడ్డ ఎర్రగా వేగకపోతే వంట అయినట్టుండదు. ఆవిడ చెయ్యి మంట పెంచడానికి రెండుసార్లు వెళ్లింది, రెండుసార్లూ ఆపాను. ఇక్కడ ఉల్లిగడ్డ మెత్తబడి గాజులా మెరవాలి, అంతే. ఎర్రబడితే సూప్ రంగూ పోతుంది, ఆర్టిచోక్ సన్నటి రుచి ఉల్లి కింద నలిగిపోతుంది. పసుపు డబ్బా వైపు కూడా చూశారు గానీ ఆ చూపు తనే తిప్పుకున్నారు.

తర్వాత మొగ్గలు, మూడు పెద్ద చెంచాల బియ్యం, లీటరున్నర కంటే కాస్త తక్కువ నీళ్లు. బియ్యం వేలితో నలిపితే గుజ్జయ్యేదాకా, అంటే ఇరవై ఐదు నిమిషాలు, సన్న మంట మీద ఉంచారు. ఉప్పు ఇంకా వేయలేదు. ఉప్పునీళ్లలో ఊరిన మొగ్గల్లో ఎంత ఉప్పు మిగిలిందో చివరికి గానీ తెలియదు. చల్లార్చి, మూడు విడతలుగా రుబ్బి, వడకట్టారు. మళ్లీ గిన్నెలో వేడిచేసి, మంట ఆపారు. 200 మిల్లీలీటర్ల క్రీమ్‌లో ఒక గరిటె వేడి సూప్ కలిపి, ఆ క్రీమ్‌ను తిరిగి గిన్నెలో పోశారు. చల్లటి క్రీమ్ ఒక్కసారిగా వేడిలో పడకుండా ఇదొక జాగ్రత్త. తెల్ల మిరియాల పొడి, పిసరంత జాజికాయ పొడి, కొంచెం ఉప్పు. విరగలేదు. ఆవిడ గరిటె ఎత్తి ధార చూస్తూ ఒక నిమిషం అలా నిలబడిపోయారు.

ఒంటిగంటకు రావాల్సిన వాళ్లు రెండున్నరకు వచ్చారు. అంబర్‌పేట దగ్గర ట్రాఫిక్ అట. ఈ గంటన్నర నేను లెక్కలో వేసుకోలేదు, తప్పు నాదే. బియ్యం గంజి ఊరుకోదు, చల్లారేకొద్దీ బిగుస్తుంది. మూత తీస్తే సూప్ స్థానంలో జావ ఉంది. వాళ్లాయన సాయం చేద్దామని మంట పెద్దది చేసి పెట్టేశారు. మేం చూసేసరికి అంచుల్లో బుడగలు. మొన్నటి రెండో సూప్ అయితే ఆ క్షణంలోనే పోయేది. ఇది పోలేదు, బియ్యం కాపాడింది. గ్లాసున్నర వేడినీళ్లు పోసి పలుచన చేశాం. దాంతో ఉప్పు చప్పబడింది, మళ్లీ సరిచేశాం. రుచి కూడా పొద్దుటి కన్నా ఒక మెట్టు దిగింది. అది నాకూ ఆవిడకూ తప్ప ఎవరికీ తెలియలేదు.

మేనకోడలు రెండుసార్లు పోయించుకుంది. అక్కడ తిన్నదాని కన్నా చిక్కగా ఉందని, నిమ్మకాయ కొంచెం పిండితే అలాగే ఉంటుందని చెప్పింది. నిమ్మకాయ చెక్కలు టేబుల్ మీదే పెట్టించాను, గిన్నెలో మాత్రం పిండనివ్వలేదు. ఎవరి కప్పులో వాళ్లు తినే ముందు పిండుకుంటే విరిగేంత సమయం ఉండదు. చుట్టాల్లో ఒకాయన నాలుగు చెంచాలు తాగి కప్పు పక్కన పెట్టేశారు. ఆయనకు ఎక్కలేదు, అంతే.

వాళ్ల అత్తమ్మకు అరకప్పే ఇమ్మన్నాను. ఆర్టిచోక్‌లో ఇన్యులిన్ అనే పీచు పదార్థం ఎక్కువ, అలవాటు లేనివాళ్లకు కడుపు ఉబ్బరిస్తుంది. ఆమె ఒక చెంచా తాగి, "ఉత్తగుంది. పోపు ఎయ్యి" అన్నారు. కోడలు మొహమాటపడుతూనే చెంచాడు వెన్నలో జీలకర్ర, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, ఒక ఎల్లిపాయ వేయించి ఆ అరకప్పులో పోసింది. నేనూ ఒక చెంచా చూశాను. నా నాలుకకు మాత్రం ఆ రోజు టేబుల్ మీదున్న వాటిలో అదే బాగుంది. అతిథులకు ఇవ్వమంటే ఆవిడ ఒప్పుకోలేదు. "ఇటలీ సూప్‌ల పోపేంది మేడమ్" అన్నారు.

తాగడం అయ్యాక పెద్దావిడ మంచినీళ్ల గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగి ఆపేశారు. "గీ నీళ్లల్ల ఏమన్న కలిపిన్రా? తియ్యగున్నయ్. ఉసిరికాయ తిన్నట్టుంది." ఆర్టిచోక్ తిన్నాక కొందరికి మామూలు నీళ్లు తియ్యగా అనిపిస్తాయి. 1972లో రుచి మీద పరిశోధనలు చేసిన లిండా బార్టొషుక్, ఆమెతో పనిచేసినవాళ్లు 'సైన్స్' పత్రికలో దీని గురించే రాశారు. ఆర్టిచోక్‌లోని సైనరిన్, క్లోరోజెనిక్ యాసిడ్ కాసేపు నాలుకను అలా మార్చేస్తాయి. అందరికీ తెలియదు. ఆ టేబుల్ దగ్గర తెలిసింది ఆమెకు ఒక్కదానికే. మిగతావాళ్లు కూల్‌డ్రింక్ తాగుతున్నారు.

ఆదివారం ఉదయం ఆవిడకు సరిచేసిన కొలత పంపాను. ఎనిమిది మందికి బియ్యం మూడు కాదు, రెండు చెంచాలు. అతిథులు గుమ్మంలోకి వచ్చాకే క్రీమ్. అప్పటిదాకా వడకట్టిన సూప్ క్రీమ్ లేకుండా పక్కన ఉండాలి. పలుచన చేయాల్సి వస్తే వట్టి నీళ్లకు బదులు, కూరగాయల తొక్కలు మరిగించిన నీళ్లు ఒక గ్లాసు వేడిగా సిద్ధంగా ఉంచుకోవాలి. డబ్బా నీళ్లు చారులో కూడా వద్దు.

మధ్యాహ్నం జవాబొచ్చింది. డబ్బాలైపోయాయి కాబట్టి అదే పద్ధతిలో సొరకాయతో చేశారట. విరగలేదు. పోపు వేశారు.